ఇంటి పుట్టుక ఎవరు చెప్పవలెను? రిజిస్ట్రేషన్ల శాఖామాత్యులకు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖామాత్యుల సముఖమునకు,

అయ్యా,

బర్కత్‌పురాలోని మా మేనత్తగారి ఇల్లు గడచిన సంవత్సరము విక్రయింపబడినది. డెబ్బది యేండ్లు ఒకే కుటుంబమునకు నీడయై నిలిచిన ఆ ఇంటిని అమ్మి, ఎనుబదియొకటవ యేట మెట్లెక్కనక్కరలేని యొక చిన్న ఫ్లాటులోనికి మారవలెనని ఆమె సంకల్పించుకొన్ననాడు, ఈ పని రెండుమూడు మాసములలో ముగియునని మేమందరమును తలచితిమి. ముగియుటకు 14 మాసములు పట్టినది. ఆ 14 మాసములును ఆమెకు చేదోడుగా తిరిగినవాడను గనుకను, తిరుగుచు తిరుగుచు ఈ హైదరాబాదు మహానగరమునందలి అనేక పేటలలో ఇండ్లమ్ముకొనువారి కష్టసుఖములను చెవులార విన్నవాడను గనుకను, నా మనస్సులో గూడుకట్టుకొన్న ఒక మాటను మీకు విన్నవించుకొనుచున్నాను. ఒక ఇల్లు ఎవరిదో, ఎవరినుండి ఎవరికెట్లు సంక్రమించినదో నిరూపించు భారమంతయు అమ్ముకొనువాడే ఒంటరిగా మోయవలసివచ్చుట అన్యాయము. ఆ చరిత్రము వ్రాయబడియున్న పుస్తకములన్నియు ప్రభుత్వము చేతిలోనే యుండగా, అవి చదువలేని వృద్ధులును, వితంతువులును, నిరుపేదలును తమ ఇంటి వెలలో కొంత విడిచిపెట్టుకొని ఆ లోపమును పూడ్చవలసివచ్చుట అంతకు మించిన అన్యాయము.

మేనత్తగారి పెట్టెలోనుండి వెలువడిన కాగితములలో తొట్టతొలిది 1352 ఫస్లీ, ఖుర్దాద్ మాసము నాటిది. అనగా 1943వ సంవత్సరపు వేసవి. మామయ్యగారి తండ్రి స్థలము కొన్న దస్తావేజది. నిజాము ప్రభుత్వపు స్టాంపు కాగితముపై గొలుసుకట్టు ఉర్దూలో, విస్తీర్ణమును గజములలోను, వెలను హాలీ సిక్కా రూపాయలలోను పేర్కొని, తూర్పున ఒక నవాబుగారి తోట ప్రహరి, దక్షిణమున బావికి పోవు త్రోవ యని హద్దులు చెప్పియున్నారు. ఆ తోట నేడు లేదు. బావి పూడిపోయి, ఆ చోట నాలుగంతస్తుల కట్టడమొకటి లేచినది. ఉర్దూ మాధ్యమమున చదువుకొన్న మామయ్యగారు ఆ కాగితమును ధారాళముగా చదివెడివారు. ఆయనతోనే మా కుటుంబమున ఆ లిపి యంతరించినది. నగరమున మొన్నమొన్నటివరకు పరిపాలనభాషయై వెలిగిన భాషలోని పత్రము, దాని హక్కుదారులకే అగమ్యగోచరమైపోయినది. ఇట్టి కాగితములు నారాయణగూడ, కాచిగూడ, హిమాయత్‌నగర్, సుల్తాన్‌బజారు ప్రాంతములలో ఎన్ని ఇనుపపెట్టెలలో నున్నవో, ఈ పేటలలో పుట్టిపెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇల్లు కొనవచ్చిన దంపతులు ఉద్యోగస్థులు, సజ్జనులు. బ్యాంకు అప్పు తీసికొని కొనదలచిరి. బ్యాంకు తరఫున కాగితములు పరిశీలించిన న్యాయవాది తన విధిని తాను నిర్వర్తించెను; ఆయనయందు నాకెట్టి దోషమును కానరాదు. లింకు డాక్యుమెంట్లన్నియు, అనగా ఆస్తి చేతులు మారినప్పుడెల్ల వ్రాసిన పత్రములన్నియు, వరుసగా కావలెననెను. ఉర్దూ దస్తావేజునకు ప్రమాణీకృతమైన అనువాదము కావలెననెను. ముప్పదియేండ్లకు తక్కువగాని కాలమునకు ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు, అనగా మనవారందరు ఈసీ యనునది, కావలెననెను. మామయ్యగారు వీలునామా వ్రాయక కాలము చేసినందున వారసులందరి సంతకములు కావలెననెను. ఇందులో అడుగగూడనిది ఒక్కటియు లేదు. అయినను ఈ నాలుగు కోరికలు తీర్చుటకు మా మేనత్త తిరిగిన తిరుగుడు తలచుకొన్నప్పుడెల్ల నా గుండె బరువెక్కుచున్నది.

ఈసీ సంగతి కొంత విపులముగా మనవి చేయవలసియున్నది. మీ శాఖవారి వెబ్‌సైటులో 1983 జనవరి 1వ తేదీ నుండి జరిగిన లావాదేవీలకే ఈసీ లభించును. అంతకు పూర్వపు సంగతులకు ఇండెక్సు పుస్తకములు చేతితో త్రిప్పి వెదుకవలెను. వెదకించినను ఆ వెదుకులాట ఒక సంఖ్యపై ఆధారపడియుండును. ఈ నగరమున ఇంటినంబరనగా వార్డు, బ్లాకు, ఇల్లు అని నడుమ గీతలు గీసిన మూడంకెలు. ఇల్లు రెండుగా విడిపోయినప్పుడు కడపట ఒక బైనంబరు చేరును, వార్డులు మార్చినప్పుడు మొత్తము సంఖ్యయే మారును. మేనత్తగారి ఇంటికి ఈ డెబ్బదియేండ్లలో మూడు నంబరులు వచ్చినవి. నేటి నంబరుతో అడిగిన ఈసీలో ఇల్లు మొన్న పుట్టినట్లు కనిపించినది. పాతనంబరుతో అడిగినప్పుడు, విడిపోయిన పొరుగువాటాకు చెందిన తనఖా యొకటి బయటపడి, అది మాది కాదని చెప్పుకొనుటకు రెండు మాసములు చాలలేదు. ఆస్తిపన్ను వసూలు చేయు నగరపాలకసంస్థ యొద్ద ఏ పాతనంబరు ఏ క్రొత్తనంబరైనదో తెలియజేయు సమాచారముండును. దస్తావేజులు నమోదు చేయు మీ శాఖయొద్ద ఆ నంబరుపై జరిగిన క్రయవిక్రయములుండును. ఈ రెండును ఒండొంటిని పలుకరించుకొనవు. వాటి నడుమ దూతయై ఎనుబదియొక్కయేండ్ల ముదుసలి ఆటోలో తిరుగవలసివచ్చినది. ఒకనాడు మధ్యాహ్నవేళ అట్లు తిరిగివచ్చి, అరుగుమీద చతికిలబడి ఆమె నాతో అన్న మాటను యథాతథముగా మీకు నివేదించుచున్నాను: "ఈ ఇల్లు నాదే అని నేనెవరికి చెప్పాలె బిడ్డా? నా పిల్లలు పుట్టింది ఈ అర్రలనే. ఈ గోడలకు తెల్వదా?"

వారసుల సంగతియు నట్టిదే. మేనత్తగారి కుమారుడు అమెరికాలోని న్యూజెర్సీలో నున్నాడు. అతడిచ్చిన ముక్త్యారునామా న్యూయార్కులోని భారత కాన్సులేటున ధ్రువపరచబడి, ఇక్కడికి చేరిన మూడు మాసములలోగా స్టాంపు సుంకము చెల్లింపబడినగాని చెల్లుబాటు కాదు. మామయ్యగారి చెల్లెలు వరంగల్లులో నున్నది. అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర నడుమ పంపకము ఏనాడో నోటిమాటగా జరిగిపోయినది. ఆమెకు వరంగల్లులో స్థలమిచ్చిరి, ఈ ఇల్లు అన్నగారికుంచిరి. కాగితము వ్రాసికొనవలెనన్న ఊహయే నాడెవ్వరికిని పుట్టలేదు. హక్కు విడుదల పత్రముపై సంతకము చేయుటకై మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఆ ఆడబిడ్డ, వేలిముద్ర యంత్రము తన అరిగిన వేలిని గుర్తింపక మరల మరల త్రోసిపుచ్చుచుండగా, వదినగారి చేయి పట్టుకొని కన్నీరు పెట్టుకొన్నది.

అయ్యా, మేమైనను చదువుకొన్నవారము, ఖర్చు పెట్టగలిగినవారము, న్యాయవాదిని నమ్మి నియమించుకొనగలిగితిమి. తిరుగుచున్న కొలదియు నాకు స్పష్టమైన దేమనగా, ఈ నగరమున ఒక్కొక్క పేటకు ఒక్కొక్క విధమైన పుట్టుక గలదు, ఆ పుట్టుకయే అమ్మకమునాడు ఆ పేటవాని భాగ్యమును నిర్ణయించుచున్నది. పాతబస్తీలో, మొగల్‌పురా, షా అలీ బండ పరిసరములలో, తాతలనాటి హవేలీలు తరతరముల వాటాలతో ముక్కలై, అరువది గజములు, నలుబది గజములుగా చేతులు మారినవి. ముస్లిము ధర్మశాస్త్రము ననుసరించి నోటిమాటతో స్వాధీనపరచిన హిబా, అనగా దానము, చెల్లుబాటగునదే. కాని చెల్లుబాటగుట వేరు, కొనువాడు కోరిన కాగితమును చూపగలుగుట వేరు. అచ్చట పెక్కు ఇండ్లు నోటరీ కాగితములపైననే అమ్ముడుపోవుచు వచ్చినవి. 2023లో ప్రభుత్వము 125 గజములలోపు నోటరీ ఆస్తులను స్టాంపు సుంకము లేకయే క్రమబద్ధీకరించు ఉత్తర్వు వెలువరించినప్పుడు నేను మనసార సంతోషించితిని. అట్టి ఉత్తర్వు ఒకటి అవసరమైనదనుటయే అచ్చటి పేదగృహస్థుల స్థితికి సాక్ష్యము. రిజిస్టరైన ఇల్లు, నోటరీ ఇల్లు ఒకే గల్లీలో, ఒకే గోడకిరువైపుల నున్నను, రెండవదానిని కొనుటకు బ్యాంకు అప్పీయదు. అప్పు లేనందున కొనువారు తగ్గుదురు. కొనువారు తగ్గినందున వెల తరుగును. తరిగిన ఆ వెల ఎవరిది? బిడ్డ పెండ్లికో, రోగమునకో ఇల్లమ్ముకొను తల్లిది.

కూకట్‌పల్లిలోని హౌసింగుబోర్డు కాలనీ కథ వేరు. ఎల్‌ఐజీ, ఎంఐజీ యని ఇండ్లకే ఆదాయములనుబట్టి పేరులు పెట్టి, అద్దెకొనుగోలు పద్ధతిపై చిరుద్యోగులకిచ్చిన యిండ్లవి. వాయిదాలన్నియు తీరినగాని బోర్డు విక్రయపత్రము వ్రాసి ఈయదు గనుక, నడుమ అవసరము వచ్చినవారు జీపీఏ, అనగా సాధారణ ముక్త్యారునామా, వ్రాసి అమ్మిరి. కొన్నవారును మరల జీపీఏ వ్రాసియే అమ్మిరి. 2011లో సర్వోన్నత న్యాయస్థానము సూరజ్ ల్యాంపు వ్యాజ్యమున, జీపీఏ విక్రయముల వలన స్థిరాస్తిపై హక్కు సంక్రమింపదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు న్యాయమైనదే. కాని ముప్పదియేండ్లుగా ఇంట కాపురముండి, పన్ను కట్టి, మేడ వేసికొన్న వ్యక్తి నేడు అమ్మదలచినచో, బోర్డు మొదట ఇల్లు కేటాయించిన అలాటీ యెక్కడనున్నాడో, అతడు కాలము చేసియున్నచో అతని వారసులెవరో వెదకికొనుచు ఊరూర తిరుగవలసివచ్చుచున్నది.

సికిందరాబాదు కంటోన్మెంటులోని కొన్ని పాత బంగళాలలో భూమి భారత ప్రభుత్వమునది, పైకట్టడము మాత్రమే గృహస్థునిది. ఆ భూమి లెక్క రక్షణశాఖవారి రిజిస్టరులో నుండునే గాని మీ పుస్తకములలో కానరాదు. జూబిలీహిల్సు వంటి సహకారసంఘపు స్థలములందు సంఘపు సభ్యత్వము, సంఘపు లెక్కలు ముందు తేలవలెను. మాధాపూరు, కొండాపూరు ప్రాంతముల నూతన అపార్టుమెంట్ల విషయము సులభము; భూమిలో అవిభక్తమైన వాటా ఎన్ని గజములో విక్రయపత్రముననే స్పష్టముగా వ్రాయబడియుండును, వెదుకవలసిన కాలమును స్వల్పము. కావున నగరమునందలి అతినూతనమైన, అతిసంపన్నమైన భాగముననే అమ్మకము సుకరముగాను, అతిప్రాచీనమైన, అతిదరిద్రమైన భాగమున దుష్కరముగాను ఉన్నది.

వీటన్నింటికంటెను నన్ను కలచివైచినది ఎల్‌బీనగరు ప్రాంతపు సంగతి. రిజిస్ట్రేషను చట్టమునకు 2007లో చేర్చిన 22-ఏ సెక్షను వలన, ప్రభుత్వభూములు, దేవాదాయ, వక్ఫు భూములు, నగరభూపరిమితి చట్టము క్రింద మిగులుగా తేలిన భూములు మొదలగువాటి క్రయవిక్రయములు నిషేధింపబడినవి. ప్రజల యాస్తిని అపహరణమునుండి కాపాడుటకు అది అవసరమైన కట్టుబాటే. కాని ఏనాడో రిజిస్టరై, ప్లాను మంజూరై, పన్ను వసూలైన కాలనీలకు కాలనీలే ఆ జాబితాలో చేరినప్పుడు, అందలి గృహస్థులకు ఆ మాట తెలియునది ఎన్నడు? ఇల్లు బేరము కుదిరి, బయానా పుచ్చుకొని, ఆడపిల్ల పెండ్లికి ముహూర్తము పెట్టుకొన్న పిమ్మట, రిజిస్ట్రేషను స్లాటు కొరకు వివరములు నింపినప్పుడు తెలియుచున్నది. 2022లో ప్రభుత్వము గజమునకు 250 రూపాయల చొప్పున కట్టించుకొని అట్టి కాలనీలలో కొన్నింటిని విముక్తము చేయుటకు ఉత్తర్వు చేసినది, మేలే. ఆ మేలు చేరకముందు పుచ్చుకొన్న బయానాను వడ్డీతో తిరిగి చెల్లించి, పెండ్లి వాయిదా వేసికొన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుని నేనెరుగుదును. ఒక ఇంటి సర్వే నంబరును జాబితాలో చేర్చిననాడే ఆ ఇంటి తలుపు తట్టి ఒక్క నోటీసందింపవలెనని కోరుట అత్యాశ కాదనుకొందును.

ఇక వెల విషయమును దాటిపోజాలను. కాగితములలో లోపమున్న ఇంటిని వెదకివచ్చు కొనుగోలుదారులు కొందరు గలరు. మేనత్తగారి ఇంటికి మొదట వచ్చినాయన ఉర్దూ కాగితమును చూచి, అనువాదమక్కరలేదు, బ్యాంకు అప్పక్కరలేదు, వెలలో సగము వైటు, సగము బ్లాకు అనెను. 2021 జులై 22 నుండి మన రాష్ట్రమున స్టాంపు సుంకము నూటికి అయిదున్నర, బదిలీ సుంకము ఒకటిన్నర, రిజిస్ట్రేషను రుసుము అర, వెరసి ఏడున్నర. దానిని తగ్గించుకొనుటకును, తన లెక్కలేని ధనమును నిలువచేసికొనుటకును ఆయన పన్నిన ఉపాయమది. స్థిరాస్తి విక్రయమున 20,000 రూపాయలును ఆపైనను నగదుగా పుచ్చుకొనుట 2015 నుండి నిషిద్ధము; పుచ్చుకొన్నచో అంతే మొత్తము జుల్మానా పడునది అమ్మినవానిపైన గాని కొన్నవానిపైన గాదు. ఈ సంగతి ఎందరు వృద్ధులకు తెలియును? మేనత్తకును తెలియదు. అయినను ఆమె, "నోట్ల కట్టలు ఇంట్ల పెట్టుకొని ఈ వయసుల నేను పడుకునేదెట్ల? సంతకం పెట్టే కాగితం మీద అబద్ధం రాయను" అని నిరాకరించెను. అట్లు నిరాకరించుటవలన ఆమె మరి ఎనిమిది మాసములు వేచియుండవలసివచ్చినది. వేచియుండలేనివారు, అప్పులవారు వాకిట నిలిచినవారు, ఆ కట్టలనే పుచ్చుకొందురు, వారిని నిందింపజాలను. చక్కని కాగితము లేకపోవుటయే నల్లధనమునకు తలుపు తెరచుచున్నదని మాత్రము మీరు గ్రహింపవలెనని ప్రార్థించుచున్నాను.

మన దేశమున రిజిస్ట్రేషను దస్తావేజును నమోదు చేయునే గాని హక్కును స్థాపింపదని పెద్దలు చెప్పుదురు, నేనును ఒప్పుకొందును. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టపు 55వ సెక్షను ప్రకారము అమ్మువాడు తానెరిగిన హక్కులోపములను దాచరాదు, తన వశమునందలి పత్రములన్నియు చూపవలెను. అది ధర్మము. కాని అమ్మువాడు తానెరిగినదే చెప్పగలడు. ప్రభుత్వపు బీరువాలలో, తానెరుగని లిపిలో, తన ఇంటి పాతనంబరు క్రింద నున్నదానిని ఎట్లు చెప్పగలడు? దేశమంతట హక్కునకు పూచీపడు నూతన చట్టము వచ్చునందాక వేచియుండుమని నేననను. అంతలోపల చేయదగిన పని మీ చేతిలోనే యున్నది. 1998 నవంబరులో కంప్యూటరు రిజిస్ట్రేషనులు ఆరంభించి దేశమునకే మార్గము చూపిన శాఖ యిది. 1983కు పూర్వపు పుస్తకములను, ఫస్లీ సంవత్సరముల నాటివానితో సహా, ప్రతులు తీయించి ప్రజలకందుబాటున నుంచుడు. నగరపాలకసంస్థతో కూర్చుండి, పాత ఇంటినంబరులకు క్రొత్తవానికి పొంతన పట్టిక నొకదానిని సిద్ధము చేయించుడు. అప్పుడు ఈసీ అడిగినవానికి ఇంటి పూర్తి కథ దొరకును, పొరుగువాని తనఖా దొరకదు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారమున ఫారసీ, ఉర్దూ పత్రములు విస్తారముగా గలవు. వానితో పరిచయముగల విద్వాంసుల తోడ్పాటుతో, నిర్ణీతమైన రుసుముపై, పాత దస్తావేజులకు ప్రభుత్వముద్రతో తెలుగు అనువాదము లిప్పించు ఏర్పాటు చేయుడు. ఆ ముద్ర ఒక్కటి యుండినచో ఏ బ్యాంకును కాదనజాలదు.

ఈ చివరి కోరికను వెంటనే నెరవేర్పవలెనని కోరుటకు ఒక కారణము గలదు. మా దస్తావేజును తుదకు చదివిపెట్టినది ఛత్తాబజారులోని ఒక వృద్ధ కాతిబు, అనగా ఉర్దూ లేఖకుడు. శుభలేఖలు వ్రాయుట ఆయన వృత్తి; అచ్చుయంత్రములు వచ్చిన పిదప, ఇట్టి పాతకాగితములు చదివి చెప్పుటయే ఆయనకు మిగిలినది. భూతద్దము పట్టుకొని ఆ గొలుసుకట్టు వ్రాతను అక్షరమక్షరము విడదీసి, అర్థముగాని ఒక చోట ఊహింపక, మూడు దినములు గడువడిగి, అది తుడిచివేసిన అంకె గాదు, పాత పద్ధతిలో వ్రాసిన సంఖ్య యని తేల్చినవారాయన. అంతకుముందు చూచిన ఇరువురు దానిని కొట్టివేత యని వ్రాసియుండిరి. అది నిలిచియున్నచో మాకు నలుబది గజములు లేకుండ పోయెడివి. నేను సెలవు తీసికొనునప్పుడు ఆయన యొద్ద ఇంకను పదునాలుగు కుటుంబముల కాగితములు, దారముతో కట్టిన కట్టలుగా, గోడవారగా నుండెను. ఆయనకు శిష్యులు లేరు. కుడికంటి చూపు మందగించినదని, ఎండకాలము గడచిన పిదప శస్త్రచికిత్స చేయించుకొనవలెనని చెప్పినారు. అమాత్యవర్యా, ఆ కట్టలు విప్పబడకముందే మీ శాఖనుండి ఒక్కరిని ఆయన యొద్దకు పంపుడు.

హైదరాబాదు.
ఇట్లు భవదీయుడు,
ఒక నగరవాసి